6 వోల్టుల ట్రాక్టరునకు 12 వోల్టుల బ్యాటరీ

అమెరికాలోని మిషిగన్ రాష్ట్రమునకు చెందిన ఫోర్డు కంపెనీవారు 1947 మొదలు 1952 వఱకు తయారుచేసిన 8ఎన్ అను చిన్న ట్రాక్టరు, ఐదు లక్షలకు మించిన సంఖ్యలో పొలములకు చేరి, అంతవఱకు గుఱ్ఱములతో సేద్యము సాగించుచుండిన ఎన్నో కుటుంబములకు యంత్రసేద్యమును అలవాటుచేసినది. క్రిందిభాగమంతయు ఎఱుపు, పైరేకులు బూడిదవన్నె, రెండు లీటర్లకు ఇంచుక తక్కువయైన నాలుగు సిలిండర్ల పెట్రోలు ఇంజను, వెనుకవైపున నాగలిని ఎత్తి దింపు హైడ్రాలిక్ అమరిక దాని గుఱుతులు. హెన్రీ ఫోర్డును, ఆ హైడ్రాలిక్ అమరికను రూపొందించిన హ్యారీ ఫెర్గూసనును 1938లో వ్రాతకోతలు లేక కేవలము కరచాలనముతో కుదుర్చుకొనిన ఒడంబడికవలన మఱుసటి సంవత్సరమున 9ఎన్ అను పూర్వరూపము జనించినది. ఆ ఒడంబడిక చెడి, తగవు న్యాయస్థానమున కెక్కి, 1952లో తొంబదిరెండున్నర లక్షల డాలర్లతో పరిష్కారమగు నాటికి 8ఎన్ తయారీకూడ ముగియవచ్చెను. తయారీ ముగిసినదేకాని యంత్రము ముగియలేదు. డెబ్బది సంవత్సరములు దాటిన పిమ్మటకూడ వానిలో అనేకములు గడ్డి కోయుచు, దారులపై మంచు త్రోయుచు, యజమానుల మనుమల చేతులలో పనిచేయుచునే యున్నవి.

ఆ యంత్రమునకు పుట్టుకతో వచ్చినది 6 వోల్టుల బ్యాటరీ. వేసవిలో దానిపై ఫిర్యాదు లేదు. నీరు గడ్డకట్టు శీతకాలపు ఉదయమున సెల్ఫు బొత్తామును నొక్కినప్పుడు మాత్రము ఇంజను రెండు మూడు మాఱులు బరువుగా మూలిగి, తిరిగీ తిరుగక నిలిచిపోవును. దీపముల వెలుగు పసుపువన్నెకు దిగజాఱును. కార్లన్నియు 12 వోల్టులకు మాఱిపోయిన దేశమున 6 వోల్టుల బ్యాటరీ, బల్బులు, రెగ్యులేటరు ప్రతి దుకాణమునను దొరకవు. పొరుగువాని కారునుండి తీగలు కలిపి స్టార్టు చేయుటకును వీలులేదు. కావున యజమాని మనస్సున సహజముగా పుట్టు ఆలోచన, పాత పెట్టెను తీసి దాని స్థానమున 12 వోల్టుల పెట్టెను పెట్టుదమని. ఈ ఆలోచన సాధువైనదే. వేలకొలది రైతులు దానిని ఆచరణమునకు తెచ్చి సుఖపడినారు. అయితే వోల్టేజి బ్యాటరీ కొక్కదానికే చెందిన గుణమనుకొని పెట్టెను మాత్రము మార్చినవాడు కొలదికాలములోనే కాలిన పాయింట్లను, మాడిన బల్బులను చేతబట్టుకొని కూర్చుండవలసివచ్చును. 6 వోల్టులనునది తీగలు, మోటారు, కాయిలు, దీపములు, డైనమో అన్నియు తమ తమ కొలతలలో ఇముడ్చుకొనిన ఒక నిర్ణయము. ఆ నిర్ణయమును మార్చదలచినపుడు ప్రతి అంగమును వేఱువేఱుగా పరిశీలించి, రెట్టింపైన వోల్టేజిని అది యేమి చేసికొనునో తెలిసికొనవలసియున్నది. ఈ అధ్యాయమున ఆ పరిశీలనమునే చేయుదము.

మొట్టమొదట బ్యాటరీ. 6 వోల్టుల బ్యాటరీపై మూడు మూతలును, 12 వోల్టులదానిపై ఆఱు మూతలును ఉండును. ఒక్కొక్క మూత క్రింద ఒక్కొక్క ఘటము. ప్రతి ఘటమునందును మెత్తని సీసపు పలకలు ఋణధ్రువముగను, సీసపు డయాక్సైడు పూసిన పలకలు ధనధ్రువముగను నిలిచి, నీటితో పలుచనైన గంధకికామ్లములో మునిగియుండును. కరెంటు వెలువడునపుడు ఉభయజాతుల పలకలును సీసపు సల్ఫేటుగా మాఱుచు, ఆమ్లము వ్యయమై నీరు పెరుగును. చార్జి చేయునపుడు ఈ క్రియ వెనుకకు నడచును. నిండుగా చార్జియైన ఘటములో ద్రవముయొక్క సాంద్రత నీటికి 1.265 మొదలు 1.280 రెట్లు ఉండగా, వట్టిపోయిన ఘటములో అది సుమారు 1.12కు దిగును. హైడ్రోమీటరు చూపునది దీనినే. నీరు పెరిగిన ద్రవము త్వరగా గడ్డకట్టును గనుక, నిండు బ్యాటరీ మైనస్ 50 డిగ్రీల చలినికూడ ఓర్చుకొనగా, వట్టి బ్యాటరీ మైనస్ 10 డిగ్రీల సెంటీగ్రేడు ప్రాంతముననే గడ్డకట్టి పెట్టె పగులును.

గాస్టన్ ప్లాంటే అను ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు 1859లో ఈ ఘటమును కనిపెట్టెను. 1881లో కామిల్ ఫోర్ పలకలపై సీసపు సమ్మేళనమును ముద్దగా పూయు పద్ధతిని తెచ్చి దానిని కర్మాగారములలో తయారగు వస్తువుగ జేసెను. అప్పటినుండి నేటివఱకు ఎన్ని మెఱుగులు దిద్దినను, ఒక్క ఘటముయొక్క వోల్టేజి మాత్రము 2.1 దగ్గఱనే నిలిచియున్నది. పలకలను చాపవలె వెడల్పుచేసినను, అరచేయంతకు తగ్గించినను ఆ సంఖ్య మాఱదు. ఏలయన అది సీసమునకును ఆమ్లమునకును గల రసాయన సంబంధమువలన నిర్ణీతమైనది. పలకల వైశాల్యమువలన పెరుగునది కరెంటు నీయగల శక్తి. కాబట్టి వోల్టేజిని హెచ్చింపవలెనన్న ఘటములను వరుసగా కూర్చుటకంటె వేఱు మార్గము లేదు: మూడు కూర్చిన 6.3, ఆఱు కూర్చిన 12.6.

ఇచ్చట ఒక భ్రమను తొలగింపవలసియున్నది. అంతే పరిమాణము గల పెట్టెలో మూడింటికి బదులు ఆఱు ఘటములను ఇమిడ్చినపుడు ఒక్కొక్క ఘటము సగమై, ఆంపియర్-గంటలును సగమగును; అంతయు లెక్కించినచో పెట్టెలో దాగిన శక్తి పెరుగలేదు. 12 వోల్టుల బ్యాటరీ బలము రెట్టింపని నమ్మువారు ఈ లెక్కను చూడరు. లాభము మఱొకచోట నున్నది; దానిని చూచుటకు ముందు 6 అను సంఖ్య ఎచ్చటినుండి వచ్చెనో కొంచెము తెలిసికొనుట మంచిది.

1917లో ఫోర్డువారు విడుదలచేసిన ఫోర్డ్‌సన్ ట్రాక్టరునకు బ్యాటరీయే లేదు. ఇంజనుచక్రములో అమర్చిన అయస్కాంతములు స్పార్కునకు కావలసిన విద్యుత్తును పుట్టించుచుండెను. రైతు ముందు నిలిచి ఇనుప హ్యాండిలుతో ఇంజనును త్రిప్పవలెను. ఇంజను వెనుకకు తన్నినచో మణికట్టు విఱుగుచుండెను. ఆ బాధను కార్లలో తొలగించినవాడు చార్లెస్ కెటరింగ్. క్యాష్ రిజిస్టరునకు చిన్న మోటారును అమర్చిన అనుభవము గలవాడగుటచే, క్షణకాలము మాత్రము పనిచేయవలసిన మోటారునకు దాని నిత్యశక్తికి మించిన భారమును నిర్భయముగ మోపవచ్చునని ఆయన గ్రహించెను. 1912 నాటి క్యాడిలాక్ కారులో ఆయన అమరిక చేరినది. అందు దీపములకు, చార్జింగునకు 6 వోల్టులు; ఇంజనును త్రిప్పునపుడు మాత్రము ఘటముల గుంపులను వరుసగా కలిపి 24 వోల్టులు. అనగా ఇంజనును త్రిప్పుటకు హెచ్చు వోల్టేజి అనుకూలమను సంగతి మొదటి సెల్ఫుమోటారునాడే తెలిసియుండెను! ఆ జోడు అమరిక చిక్కైనది, ఖరీదైనది. అందుచే పరిశ్రమ దానిని విడిచి, మూడు ఘటముల చవుక బ్యాటరీతో, కుదుపులను ఓర్చుకొను మందమైన తీగగల దీపములతో 6 వోల్టులకు స్థిరపడినది. 1950ల నాటికి పెద్ద ఇంజనులు, హెచ్చు కంప్రెషను వచ్చి ఆ ఏర్పాటును భరింపలేనట్లు చేయగా, 1953లో జనరల్ మోటార్సువారి క్యాడిలాక్ మొదలైన కార్లును, 1956లో ఫోర్డు కార్లును 12 వోల్టులకు మాఱినవి. జర్మనీ దేశపు వోక్స్‌వాగన్ బీటిలు 1960ల నడుమవఱకు 6 వోల్టులతోనే నడచినది.

ఇప్పుడు లాభమెచ్చట నున్నదో చూతము. ఒక జలచక్రమును త్రిప్పుటకు తక్కువ ఎత్తునుండి ఎక్కువ నీరు పడినను సరియే, రెట్టింపు ఎత్తునుండి సగము నీరు పడినను సరియే. అయితే సగము నీటిని తెచ్చు కాలువ ఒరిపిడివలన పోగొట్టుకొనునది స్వల్పము. విద్యుత్తునందును వోల్టులను ఆంపియర్లతో హెచ్చవేసిన వచ్చు లబ్ధమే వాట్లు. సెల్ఫుమోటారునకు 1200 వాట్లు కావలెననుకొందము. 6 వోల్టులకైన 200 ఆంపియర్లు, 12 వోల్టులకైన 100 ఆంపియర్లు పాఱవలెను. బ్యాటరీనుండి మోటారువఱకు గల తీగలు, బిగింపులు, స్విచ్చి, ఎర్తు అన్నిటి నిరోధము కలసి ఒక ఓములో వేయింట ఐదు వంతులనుకొన్నచో, 200 ఆంపియర్ల ప్రవాహము ఆ దారిలోనే ఒక వోల్టును పోగొట్టుకొనును. ఉన్నవి ఆఱు, అందొకటి పోయినది. 100 ఆంపియర్ల ప్రవాహము పోగొట్టుకొనునది అర వోల్టు. అది పండ్రెండింటిలో ఇరువదినాల్గవ వంతు మాత్రమే. తీగలలో వృథాగా వెలువడు వేడిమి మొదటిదానిలో 200 వాట్లు, రెండవదానిలో 50. ప్రవాహము సగమైనచో వేడిమి నాల్గవ వంతగును. ఏలయన వేడిమి ప్రవాహముయొక్క వర్గము ననుసరించును. అంతే తీగ, అంతే బిగింపు. నష్టము మాత్రము పావు. వోల్టేజి హెచ్చింపునకు గల మర్మమంతయు ఇదియే. దూరప్రాంతములకు విద్యుత్తును పంపు పెద్ద స్తంభముల తీగలలో లక్షల వోల్టులు ఉంచుటకును కారణమిదియే.

చలికాలమున ఈ లెక్క మఱింత కఠినమగును. మైనస్ 18 డిగ్రీల సెంటీగ్రేడున సీసపు బ్యాటరీ తన ప్రవాహశక్తిలో సగమునైన ఈయజాలదు. అదే సమయమున ఇంజనులోని ఆయిలు చిక్కబడి ఎక్కువ బలమును కోరును. ఇచ్చువాడు క్షీణించి, అడుగువాడు హెచ్చినపుడు దారిలో పోవు ఒక్క వోల్టే ఇంజను తిరుగుటకును, తిరుగకుండుటకును నడుమనున్న అంతరము.

ఐతే పై లెక్కలోనే మఱొక సత్యము దాగియున్నది. దారి నిరోధము తక్కువగనున్నచో 6 వోల్టులును చాలును. ఈ ట్రాక్టరులు క్రొత్తగ నున్ననాడు మిన్నెసోటా, విస్కాన్సిన్ చలులలో స్టార్టు కాలేదా? అయినవి. నాటి రాగితీగ వ్రేలంత లావు. నాటి బిగింపులు శుభ్రములు. కాలక్రమమున పాత తీగ చెడగా దుకాణమునుండి తెచ్చి బిగించినది 12 వోల్టుల కార్లకై చేసిన సన్నని తీగ. పైకి లావుగ కనుపించినను అందు సగము రబ్బరే. ఇక టెర్మినళ్లను చూడుడు. బ్యాటరీ సీసపు కొనయందు బిగించిన క్లాంపు చుట్టును, వర్షాకాలపు గోడపై బూజువలె గాక గట్టిగా పొరలుపొరలుగా, తెలుపున నీలిపచ్చ కలసిన సల్ఫేటు పేరుకొనియుండును. క్లాంపును విప్పి లోపలివైపు చూచినచో మెఱయవలసిన సీసము నల్లబడి యుండును. ఆ నల్లపొర మందము వెండ్రుకవాసి, ఐనను 200 ఆంపియర్లకు అది ఆనకట్టయే. దానిని వంటసోడా కలిపిన నీటితో కడిగి, చాకుతో గీఱి, బిగించి, పైన వాజలీను పూసిన యెడల చాలును. ఎర్తు తీగ బాడీకి బిగించిన చోటున రంగుపొరయు, తుప్పును తొలగి లోహము లోహమును తాకవలెను.

ఎచ్చట లోపమున్నదో ఊహింపనక్కఱలేదు. వోల్టుమీటరు ఒక కొనను బ్యాటరీ కొమ్మునకే ఆనించి, రెండవ కొనను ఆ కొమ్మునకు బిగించిన క్లాంపున కానించి, మఱొకరిచేత సెల్ఫు నొక్కించవలెను. బిగింపు నిర్దోషమైనచో ముల్లు సున్నను విడువదు. అర వోల్టు చూపినచో ఆ రెండు లోహముల నడుమనున్న, కంటికి కనబడని సందులోనే 100 వాట్లు కాలిపోవుచున్నవన్నమాట. ఇట్లు ఒక్కొక్క బిగింపును పరీక్షించి సరిచేసిన పిమ్మట, ట్రాక్టరు 6 వోల్టులతోనే చక్కగా స్టార్టగునేని దానిని మార్చవలదనియే నా యభిప్రాయము. పాత యంత్రమును దాని పుట్టుక రూపముననే నడుపుట గౌరవకరము. అంతకుమించి, చెడిన బిగింపులను అట్లే యుంచి 12 వోల్టులకు మార్చినవాడు రోగమును దాచిపెట్టినవాడగును. సామగ్రి దొరకకపోవుటవలననో, కోతపనిముట్లకు, స్ప్రేయరు పంపునకు 12 వోల్టులు కావలసియుండుటవలననో మార్పు అవసరమైనవారు ముందునకు సాగవచ్చును.

సెల్ఫుమోటారును గూర్చి వినువారికి ఆశ్చర్యము గలుగవచ్చును: 6 వోల్టులకై చేసిన మోటారు 12 వోల్టులపై మార్పులేకయే పనిచేయును. నిలిచియున్న మోటారులో ప్రవాహమును అడ్డునది చుట్టల నిరోధమొక్కటే. వోల్టేజి రెట్టింపైనచో తొలిక్షణపు ప్రవాహమును రెట్టింపగును. ఈ మోటారులో స్థిరభాగపు చుట్టలును తిరుగుభాగపు చుట్టలును వరుసగా కలిసియుండుటచే రెండింటి అయస్కాంతబలమును ఒకేసారి హెచ్చి, త్రిప్పుబలము సిద్ధాంతరీత్యా నాలుగు రెట్లగును. ఇనుము అయస్కాంతత్వముతో నిండిపోవుటవలనను, బ్యాటరీ లోపలి నిరోధమువలనను అనుభవమున అంత హెచ్చదు. హెచ్చినంతవఱకైనను పళ్లచక్రమునకు దెబ్బయే. బెండిక్స్ అను చిన్న పళ్లచక్రము మరలువంటి ఇరుసుపై దుమికి ఇంజనుచక్రపు పళ్లను పట్టుకొనునపుడు పూర్వముకంటె గట్టిగా తాకును. అందుచే సెల్ఫును కొలది క్షణములకు మించి నొక్కరాదు; స్టార్టు కానిచో చల్లాఱనిచ్చి మరల ప్రయత్నింపవలెను. ఆ నియమమును పాటించినవారి మోటారులు దశాబ్దములుగా చెడక పనిచేయుచున్నవి. ఎర్తు ధ్రువమును మార్చినను ఈ మోటారు వెనుకకు తిరుగదు: ప్రవాహము దిక్కు మాఱినపుడు రెండు చుట్టల అయస్కాంతధ్రువములును కూడ తారుమాఱగును గనుక వాని పరస్పరబలము తొల్లింటి దిక్కుననే నిలుచును. రెండు మార్పులు ఒండొంటిని కొట్టివేయు ఈ సమమితి భౌతికశాస్త్రమునందలి సొగసైన సంగతులలో నొకటి.

మోటారు క్షణకాలపు పని. ఇగ్నిషను కాయిలు ఇంజను నడచునంతసేపు పనిచేయవలసినది. కావున ఈ మార్పులో ముఖ్యముగ జాగ్రత్త వహింపవలసినది దానియందే. ఇనుపకడ్డీ చుట్టును మందమైన తీగ కొన్ని వందల చుట్లును, సన్నని తీగ దానికి నూఱురెట్ల చుట్లును చుట్టియుండును. డిస్ట్రిబ్యూటరులోని పాయింట్లు మూసికొనియున్నంతసేపు మందపు తీగలో ప్రవాహము సాగి, ఇనుములో అయస్కాంతక్షేత్రము పెరుగును. పాయింట్లు తెఱచుకొనగానే ప్రవాహము తెగి, పెరిగిన క్షేత్రము ఒక్కుమ్మడిగా కూలిపోవును. ఆ పతనవేగమువలన సన్నని తీగలో వేలకొలది వోల్టులు పుట్టి స్పార్కుప్లగ్గు కొనల నడుమ మెఱుపై దూకును. తెఱచుకొను పాయింట్ల నడుమ మంట పుట్టకుండ ప్రక్కనున్న కండెన్సరు కాపాడును. కనుక స్పార్కునకు శక్తినిచ్చునది కాయిలులోని ప్రవాహము. ఆ శక్తి ప్రవాహవర్గము ననుసరించును.

6 వోల్టుల కాయిలు మందపుతీగ నిరోధము ఒకటిన్నర ఓము అనుకొందము. 6 వోల్టులకు 4 ఆంపియర్లు పాఱును. ఇంజనును సెల్ఫు త్రిప్పుచున్నపుడు బ్యాటరీ వోల్టేజి క్రుంగి నాలుగున్నరకు దిగినచో, కాయిలులో పాఱునవి 3 ఆంపియర్లే. స్పార్కు శక్తి పదునాఱింట తొమ్మిది వంతులకు పడిపోవును. చలిలో గడ్డకట్టినట్లున్న పెట్రోలు ఆవిరికి మిక్కిలి బలమైన స్పార్కు కావలసిన సమయముననే అది సగమునకు క్షీణించుచున్నది. ఇంజను తిరుగుచున్నను అంటుకొనదని రైతు విసుగుకొనుటకు కారణమిదియే. ఇప్పుడు ఇదే కాయిలును నేరుగా 12 వోల్టులకు కలిపినచో 8 ఆంపియర్లు పాఱును. కాయిలులోని వేడిమి 24 వాట్లనుండి 96 వాట్లకు పెరుగును. పాయింట్ల ముఖములు నల్లబడి గుంటలుపడి కొలదిగంటలలో చెడును. పరిహారము సులభము. మఱొక ఒకటిన్నర ఓము నిరోధమును కాయిలునకు ముందు వరుసగా కలిపినచో మొత్తము 3 ఓములై ప్రవాహము తిరిగి నాలుగే యగును. సెల్ఫువేళ 12 వోల్టులు పదికి క్రుంగినను 3.3 ఆంపియర్లు నిలుచును. స్పార్కు శక్తి నూటికి అఱువదితొమ్మిది వంతులు మిగులును. మార్పు చేసిన ట్రాక్టరు చలిలో చటుక్కున అంటుకొనునని చెప్పుకొనుటలో ఈ అంశమునకును భాగము కలదు.

8ఎన్‌లో రెండు తెగలు కలవు. 1950వఱకు వచ్చినవానిలో డిస్ట్రిబ్యూటరు ఇంజను ముఖముననే, ఫ్యాను వెనుక, నలుచదరపు కాయిలును నెత్తిపై మోసికొనియుండును. ఆ తరువాతివానిలో ప్రక్కకు జరిగి, గుండ్రని కాయిలు విడిగా నుండును. మొదటి తెగలో పాయింట్ల సందు అంగుళములో వేయింట పదునైదు వంతులు, రెండవ తెగలో ఇరువదియైదు వంతులు. మొదటి తెగలో మీటర్ల పలక వెనుక ఒక నిరోధము పుట్టుకతోనే యున్నది. చల్లగ నున్నపుడు ప్రవాహమును స్వేచ్ఛగా పోనిచ్చి, వేడెక్కినకొలది అడ్డు పెంచి కాయిలును కాపాడుట దాని పని. 12 వోల్టులు వచ్చినవిగదా అని దానిని తీసివేయరాదు. దానిని ఉంచి, దానికి మఱొకటి చేర్చవలెను. రెండవ తెగవారు 12 వోల్టులకై చేసిన గుండ్రని కాయిలునే కొని బిగించుకొనుట మేలు. అప్పుడు మాత్రము ఆ కాయిలునకు వెలుపలి నిరోధము అవసరమో, లోపలనే ఇమిడియున్నదో ఓమ్మీటరుతో కొలిచి చూడవలెను. మూడు ఓములకు చేరువగ నున్నచో వేఱు నిరోధమక్కఱలేదు.

ఇక చార్జింగు. పాత డైనమోలో కరెంటు పుట్టు చుట్టలే తిరుగుచుండును. ఆ కరెంటునంతయు కమ్యూటేటరు మీద ఒరయు కార్బను బ్రష్షులు సేకరింపవలెను. వేగము తగ్గినచో అది దాదాపు ఏమియు ఈయదు. ఆల్టర్నేటరులో తిరుగునది చిన్న అయస్కాంతచక్రము. కరెంటు పుట్టు చుట్టలు కదలక వెలుపల నుండును. అందు పుట్టిన దిక్కుమాఱు కరెంటును ఆఱు సిలికాన్ డయోడులు ఒకే దిక్కునకు మలచును. మొత్తము కరెంటు బ్రష్షుల గుండ పోనక్కఱలేదు గనుక దానిని హెచ్చు వేగముతో త్రిప్పవచ్చును. అందుచే ఇంజను మెల్లగ నడచునపుడుకూడ చార్జి అందును. 1960లో క్రైస్లరువారి వేలియంట్ కారుతో అది సాధారణ వాహనములలో ప్రవేశించెను. 8ఎన్ యజమానులు తఱచుగ ఎన్నుకొనునది డెల్కో-రెమీవారి 10ఎస్ఐ. రెగ్యులేటరు దాని కడుపులోనే యుండుట దాని సౌలభ్యము.

డయోడు ఒక దిక్కుననే ప్రవాహమును పోనిచ్చును. ధ్రువములు తారుమాఱైనచో బ్యాటరీ కరెంటంతయు దాని గుండ దూకి కన్నుమూసి తెఱచునంతలో కాల్చివేయును. పాత ఫోర్డు ట్రాక్టరులో ధనధ్రువము బాడీకి ఎర్తు; ఈ ఆల్టర్నేటరునకు ఋణధ్రువము ఎర్తు కావలెను. కావున మార్పుతోపాటు బ్యాటరీని త్రిప్పి ఋణధ్రువమును బాడీకి కలుపవలెను. గుండ్రని కాయిలు గలవారు దానిపై రెండు చిన్న తీగలనుకూడ పరస్పరము మార్చవలెను. ప్లగ్గు నడిమి కొన వేడెక్కియుండును. వేడియైన లోహమునుండి ఎలక్ట్రానులు సులువుగ వెలువడును గనుక ఆ కొన ఋణమైనచో స్పార్కు తక్కువ వోల్టేజికే దూకును. తీగలు మార్చనిచో ఇంజను నడువకపోదు, స్పార్కు మాత్రము బలహీనపడును.

ఈ ఆల్టర్నేటరునకు లావుపాటి కొమ్ముగాక ఒకటి, రెండు అను గుఱుతులుగల రెండు చిన్న టెర్మినళ్లు కలవు. రెండవది బ్యాటరీ వోల్టేజిని గమనించు కన్ను. దానిని లావుపాటి కొమ్మునకు కలుపవలెను. మొదటిది ఇగ్నిషను తాళమునుండి కొలది కరెంటును గ్రహించి అయస్కాంతచక్రమును మేల్కొలుపును. దానిని నేరుగా తాళమునకు కలిపినవారికి ఒక వింత ఎదురగును. తాళము తీసినను ఇంజను ఆగదు! తిరుగుచున్న ఆల్టర్నేటరు ఆ చిన్న తీగ గుండనే వెనుకకు కరెంటును పంపి కాయిలును పోషించుచుండును. ఆ తీగ నడుమ ఒక డయోడును గాని చిన్న ఇండికేటరు బల్బును గాని చేర్చినచో వెనుకకు పోవు ప్రవాహము అణగి, తాళము తీసిన మఱుక్షణమున ఇంజను నిలుచును.

దీపములను గూర్చి చెప్పవలసినది కొద్ది. బల్బులన్నియు మార్చవలెను, 6 వోల్టుల బల్బు 12 వోల్టులకు ఒక్కసారి తళుక్కుమని చచ్చును. ఆమ్మీటరు ధ్రువము మార్చుటవలన చార్జిని డిస్చార్జిగా చూపును గనుక దాని తీగలను మార్చవలెను. కొన్ని పాత ఆమ్మీటర్లలో తీగ వెనుకనున్న లోహపు వలయము గుండ దూఱిపోవును, అట్టిచోట తీగను ఎదురువైపునుండి దూర్చిన చాలును. ఈ శ్రమయంతయు ఎందులకని కొందఱు నాలుగు ఘటముల 8 వోల్టుల బ్యాటరీని పెట్టుట కలదు. నా దృష్టిలో అది మంచి మార్గము కాదు. 6 వోల్టుల రెగ్యులేటరు ఈయగలిగినది 7.2 లేక 7.4 వోల్టులు, నాలుగు ఘటములకు పంచినచో ఘటమునకు 1.85కు మించదు, ఘటము చార్జి కావలెనన్న 2.1ని దాటవలెనుగదా! బ్యాటరీ నిత్యము అరకొర చార్జితో నుండి పలకలపై సల్ఫేటు గట్టిపడి చెడును. రెగ్యులేటరును హెచ్చించినచో తొమ్మిదిన్నర వోల్టులు పాయింట్లపై, బల్బులపై బడును.

మన దేశమున ట్రాక్టరుల తయారీ 1959లో ఫరీదాబాదున ఐషర్ కంపెనీతో మొదలై, 1960లో మద్రాసున టాఫే స్థాపితమగునప్పటికి డీజిలు ఇంజనుదే పైచేయి. అందుచే మన తెలుగు జిల్లాల రైతులు చూచిన ట్రాక్టరులలో కాయిలు, పాయింట్లు లేవు. గాలిని పదునాఱు రెట్లకు మించి అణచుటవలన పుట్టు వేడిమియే డీజిలును అంటించును. అంతటి అణచివేతకు ఇంజనును బలముగ త్రిప్పవలెను గనుక సెల్ఫుమోటారు పెద్దది, తీగ లావుది. మన లారీలు 24 వోల్టులకు పోవుటలోనున్నది పైన వేసిన లెక్కయే. బ్యాటరీకి మనయొద్ద శత్రువు చలి కాదు, ఎండ. అది నీటిని ఆవిరిచేసి, పలకలను తినివేయును. డిస్టిల్డ్ వాటరు పోయుట మఱచిన వేసవియే చాల బ్యాటరీలకు కడపటి వేసవి. "సెల్ఫు పట్టుటలేదు" అని మెకానిక్కునొద్దకు పోవు రైతుకూడ బ్యాటరీని నిందించుటకు ముందు ఎర్తు బిగింపును వోల్టుమీటరుతో చూపించుకొనవలెను.

పని చేయునపుడు ఎర్తు తీగను మొట్టమొదట విప్పి, కట్టకడపట బిగింపవలెను. అట్లైన పానా జాఱి బాడీకి తగిలినను మెఱుపు పుట్టదు. చార్జియగుచున్న బ్యాటరీనుండి వెలువడు హైడ్రోజనునకు ఒక్క మెఱుపు చాలును. అంతయు ముగిసిన పిమ్మట నిశ్చలస్థితిలో 12.6 వోల్టులు, ఇంజను ఒక మోస్తరు వేగమున నడచునపుడు 13.8 మొదలు 14.4 వోల్టులు బ్యాటరీ కొమ్ములయొద్ద కనుపింపవలెను. సెల్ఫువేళ తొమ్మిదిన్నరకు దిగువకు జాఱినచో బ్యాటరీయో, బిగింపో ఇంకను లోపముతో నున్నది. ఇంజనును పావుగంటసేపు నడిపి కాయిలుపై జాగ్రత్తగ చేయి వేసి చూడవలెను. గోరువెచ్చగ నున్నచో నిరోధము సరిపోయినది. చేయి ఆనింపలేనంత కాగియున్నచో వెంటనే ఇంజనునాపి, కాయిలునకు వచ్చు ప్రవాహమును ఆమ్మీటరుతో కొలిచి, అది నాలుగు ఆంపియర్లకు దిగువను చేరువఱకు నిరోధమును చేర్చిన తరువాతనే ట్రాక్టరును పొలమునకు తోలవలెను.